డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు: ఒక ప్రొడక్ట్ టీం, ఒక డెవలపర్ టీం, మధ్యలో ఒక పెండింగ్ పేమెంట్

హైదరాబాద్‌లో ఉన్న ఒక బస్ టికెట్ బుకింగ్ కంపెనీ. ప్రైవేట్ ట్రావెల్స్ వాళ్ల బస్సుల్ని యాప్‌లో పెట్టి సీట్లు అమ్మడం దాని వ్యాపారం. విజయవాడ, విశాఖ, రాజమండ్రి, తిరుపతి, బెంగళూరు ప్రధాన రూట్లు. ఏడాది పొడుగునా జరిగే బుకింగ్ ఒక ఎత్తు, సంక్రాంతి ముందు వారం జరిగేది ఒక ఎత్తు. మియాపూర్, కూకట్‌పల్లి, ఎల్బీ నగర్ బోర్డింగ్ పాయింట్లు పండక్కి ముందు ఎలా ఉంటాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నేను బుకింగ్, పేమెంట్స్ భాగానికి ప్రొడక్ట్ మేనేజర్‌గా, అంటే యాప్‌లో ఏం ఉండాలో తేల్చే పనిలో, చేరేసరికి ఒక సంక్రాంతి అప్పుడే గడిచిపోయింది. ఆ పండక్కి వచ్చిన ఫిర్యాదుల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది: డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు. ప్రొడక్ట్ వైపువాళ్లు దాన్ని బగ్ అన్నారు. డెవలపర్లు స్పెక్‌లో (ఏం కట్టాలో రాసిచ్చిన దాంట్లో) ఏముందో అదే కట్టాం అన్నారు. రెండు టీములూ ఒకే ఫ్లోర్‌లో కూర్చునేవి. మాటలు మాత్రం పనులు, బగ్‌లు రాసి పెట్టే జిరా అనే టూల్‌లోనే నడిచేవి, అవీ కామెంట్ల కింద కామెంట్లుగా, ఎవరికి వాళ్లు రేపు చూపించుకోడానికి రాసి పెట్టుకున్నట్టు. ఆ స్పెక్ ఉన్న పాత పీఆర్డీ డాక్యుమెంట్, కోడ్ పక్కపక్కన పెట్టి చదివితే ఇద్దరూ అబద్ధం ఆడటం లేదని తేలింది.

ఒక బుకింగ్ ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే గొడవ ఎక్కడుందో అందదు. ప్యాసింజర్ సీటు ఎంచుకుని పేమెంట్ దగ్గరికి వెళ్లగానే మా సర్వర్ ట్రావెల్స్ వాళ్ల ఇన్వెంటరీ సిస్టమ్‌కి చెప్పి ఆ సీటు బ్లాక్ చేయిస్తుంది. మా దగ్గర ఆ బ్లాక్ పది నిమిషాలు. ఈలోగా ప్యాసింజర్ డబ్బు కట్టాలి, కట్టాడని పేమెంట్ గేట్‌వే, అంటే మాకూ బ్యాంకులకీ మధ్య డబ్బు నడిపే సంస్థ, మాకు చెప్పాలి, మేం ట్రావెల్స్ సిస్టమ్‌కి కన్ఫర్మ్ కొట్టాలి. అప్పుడు గానీ పీఎన్ఆర్ రాదు. మూడు వేర్వేరు సంస్థల సర్వర్లు ఒకదాని మాట ఒకటి వింటూ నడవాల్సిన వ్యవహారం ఇది. 2016లో యూపీఐ వచ్చాక ప్యాసింజర్‌కి కట్టడం తేలికైంది, మాకు తెలుసుకోవడం కష్టమైంది. అతను మా యాప్ వదిలి ఇంకో యాప్‌లోకి వెళ్లి పిన్ కొట్టి తిరిగొస్తాడు. మధ్యలో ఏ బ్యాంకు సర్వర్ నెమ్మదించినా మాకు అందే జవాబు సక్సెస్ కాదు, ఫెయిల్ కాదు, పెండింగ్. పండగ రద్దీ సాయంత్రం అది పది నిమిషాలు దాటేస్తుంది. సీటు బ్లాక్ విడిపోతుంది, మరుక్షణం ఇంకొకరు కొనేస్తారు. పన్నెండో నిమిషంలో గేట్‌వే నుంచి సక్సెస్ వచ్చి తలుపు కొడుతుంది.

దీని గురించి పాత పీఆర్డీలో ఉన్నది ఒక్క వాక్యం. పేమెంట్ ఫెయిలైతే ఫెయిల్యూర్ స్క్రీన్ చూపించి రీఫండ్ చేయాలి, అంతే. స్క్రీన్ల డిజైన్లు మాత్రం ముచ్చటగా ఉన్నాయి, బటన్ రంగుతో సహా. పెండింగ్ అన్న ఊసే లేదు.

కోడ్‌లో దొరికిన నిర్ణయాలు

స్పెక్‌లో లేకపోయినా కోడ్‌లో ఏదో ఒకటి ఉండి తీరాలి కదా. ఇఫ్ (ఇలా అయితే) అని రాసినవాడు ఎల్స్‌లో (కాకపోతే) ఏం జరగాలో కూడా ఆలోచించాల్సిందే. డెవలపర్ల టెక్ లీడ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎల్స్‌లన్నీ చదివించుకున్నాను. నాకు ఆ భాష పూర్తిగా రాదు, కానీ షరతులు చదివి అర్థం చేసుకోడానికి ఆ భాషలో పండితుడే కానక్కర్లేదు.

బుకింగ్ సర్వీస్ రాసినతను బ్లాక్ గడువు అయిపోగానే ఆర్డర్‌ని ఫెయిల్డ్ అని మూసేశాడు. మూసేశాక సక్సెస్ వస్తే లాగ్‌లో ఒక లైను రాసి వదిలేశాడు. మూతపడ్డ ఆర్డర్‌ని తిరిగి తెరిస్తే లెక్కలు ఎటు పోతాయో తెలియదని అతని భయం, అందులో న్యాయం ఉంది. వాలెట్ భాగం రాసిన అమ్మాయి సరిగ్గా దీనికి ఎదురుగా ఆలోచించింది. డబ్బు తీసుకున్నాక సీటు ఇవ్వాలి కాబట్టి సక్సెస్ ఎంత ఆలస్యంగా వచ్చినా కన్ఫర్మ్ కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా రాసింది. అందులోనూ న్యాయం ఉంది.

ఇక ఫలితం చూడండి. యూపీఐలో కట్టినవాళ్ల డబ్బు, ఫైనాన్స్ వాళ్లు సెటిల్‌మెంట్ ఫైల్‌ని ఆర్డర్లతో సరిపోల్చి తేడా పట్టుకునేదాకా అలాగే పడి ఉండేది. వాలెట్‌లో కట్టినవాళ్లు చూసి చూసి వేరే బస్సులో టికెట్ కొనుక్కునేవాళ్లు, ఆ తర్వాత మొదటి టికెట్ కూడా కన్ఫర్మ్ అయి వచ్చేది. ఒకే రాత్రి, ఒకే మనిషి, రెండు బస్సులు. క్యాన్సిల్ చేస్తే క్యాన్సిలేషన్ చార్జీ మళ్లీ ఆయన నెత్తినే.

ఇవి రెండూ వ్యాపార నిర్ణయాలు. డబ్బు ఎవరి దగ్గర ఆగాలి, నష్టం ఎవరు మోయాలి అన్నవి. వీటిని ఇద్దరు ఇంజనీర్లు ఒకరికొకరు చెప్పుకోకుండా, ప్రొడక్ట్ వాళ్లకీ చెప్పకుండా తీసుకున్నారు. అడగలేదా అంటే అడిగారు. జిరాలో ఆ ప్రశ్న ఉంది. దాని కింద అప్పటి పీఎం (ప్రొడక్ట్ మేనేజర్) జవాబు కూడా ఉంది: ఎడ్జ్ కేస్ (అరుదుగా జరిగేది) కదా, తర్వాత చూద్దాం. రిలీజ్ తేదీ మాత్రం తర్వాత చూసుకునేది కాదు కాబట్టి కోడ్ వెళ్లిపోయింది.

డెవలపర్లతో కలిసి పనిచేయడం గురించి నాకున్న అభిప్రాయమంతా ఇక్కడి నుంచే వస్తుంది. పీఎం చెప్పకుండా వదిలేసిన చోట నిర్ణయం ఖాళీగా ఉండదు. కోడ్ ఎడిటర్ తెరిచి కూర్చున్నవాళ్లు రాత్రి ఎనిమిదింటికి దాన్ని తీసుకుంటారు, తమకి తెలిసినంతలో. పీఎం పని స్క్రీన్లు గీసి ఇవ్వడం కంటే ఆ ఖాళీలు ఎక్కడున్నాయో డెవలపర్లతో కలిసి వెతకడం. స్టాండప్, రెట్రో మీటింగులూ టీం లంచ్‌లూ ఆ తర్వాత సంగతి.

ఇన్‌స్టంట్ రీఫండ్ అనే కోరిక

మేనేజ్‌మెంట్ అప్పటికే ఒక పరిష్కారం ఖాయం చేసుకుని ఉంది: డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే యాప్‌లో ఒక బటన్, నొక్కగానే రీఫండ్. డెవలపర్ల ఎస్టిమేట్ ఒక క్వార్టర్ మొత్తం. ఒక బటన్‌కి మూడు నెలలా అని ప్రొడక్ట్ వైపు గుసగుసలు. కుదరదు అని డెవలపర్లు ఒక్క ముక్కలో తేల్చేశారు, ఎందుకు కుదరదో వివరించే ఓపిక అప్పటికి ఎవరికీ మిగల్లేదు. కుదరదు అంటే చెయ్యడం ఇష్టం లేదని అవతలివాళ్లకి వినిపించింది.

ఎందుకు అని అడిగితే టెక్ లీడ్ ఐదు నిమిషాల్లో చెప్పేశారు. డబ్బు కట్ అయింది అన్న ఒక్క మాట వెనక రెండు వేర్వేరు పరిస్థితులు ఉన్నాయి. ఒకటి, ప్యాసింజర్ ఖాతాలోంచి పోయింది కానీ మా దాకా కన్ఫర్మేషన్ రాలేదు. దాన్ని తిప్పి పంపాల్సింది బ్యాంకులు. రెండు, గేట్‌వే దాకా వచ్చింది కానీ ఆలస్యంగా వచ్చింది. దాన్ని తిప్పి ఇవ్వాల్సింది మేం. బటన్ నొక్కగానే మేం ఇచ్చేస్తే, మొదటి రకంలో బ్యాంకు కూడా తిప్పి పంపుతుంది. ప్యాసింజర్‌కి రెండుసార్లు ముడుతుంది, రెండోది మా జేబులోంచి. ఈ రెండింటినీ వేరు చేసి చూపించే వ్యవస్థ కట్టడానికే ఆ మూడు నెలలు.

ఇందులో నా వైపు నుంచి చేర్చగలిగింది ఒకటి ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్‌లో విఫలమైన లావాదేవీలకి గడువులు ఉన్నాయి. యూపీఐలో వ్యాపారికి కట్టేటప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారి దగ్గర కన్ఫర్మేషన్ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా అది తనంతట తిరిగి జమ కావాలి. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. డెవలపర్లకి ఇది తెలియదు, తెలియాల్సిన అవసరమూ అంతవరకూ రాలేదు. మా కస్టమర్ కేర్ స్క్రిప్ట్‌లో మాత్రం రెండు పరిస్థితులకీ ఒకటే జవాబు ఉంది, అది కూడా ఏ నిబంధనలోనూ లేని గడువుతో. అవతల వాళ్లు చెప్పిన ఐదు నిమిషాల పాఠానికి ఇవతల నుంచి నేనిచ్చింది ఆ ఒక్క పేజీ. అప్పటిదాకా వాదనగా ఉన్నది అక్కడి నుంచి లెక్కగా మారింది.

గోడ మీద తొమ్మిది డబ్బాలు

మీటింగ్ రూమ్ వైట్‌బోర్డ్ మీద టెక్ లీడ్ ఆర్డర్ తిరిగే స్థితులన్నీ డబ్బాలుగా గీశారు. సీటు బ్లాక్, పేమెంట్ మొదలు, పెండింగ్, సక్సెస్, కన్ఫర్మ్ పెండింగ్, కన్ఫర్మ్డ్, ఫెయిల్డ్, రీఫండ్ మొదలు, రీఫండ్ పూర్తి. నేను ప్రతి డబ్బా దగ్గరా నాలుగు ప్రశ్నలు అడిగాను. ఈ క్షణంలో ప్యాసింజర్‌కి ఏం కనిపిస్తోంది? ట్రావెల్స్ వాళ్లకి ఏం కనిపిస్తోంది? డబ్బు ఎక్కడుంది? సీటు ఎవరి చేతిలో ఉంది? జవాబు లేని చోట ఎర్ర మార్కర్‌తో గుండ్రం చుట్టాం. కన్ఫర్మ్డ్ పక్కన ఒక్కటీ లేదు. పెండింగ్ పక్కన నాలుగూ ఎరుపే.

ఆ గదిలోకి కస్టమర్ కేర్ టీం లీడ్‌ని కూడా పిలిచాం. డెవలపర్లు ఆవిడని అంతకుముందు చూసింది ఏడాదికోసారి జరిగే పార్టీలోనే. ఆవిడ కాసేపు బోర్డు వైపు చూసి, "వీటిలో ప్యాసింజర్ అడిగేది లేదు సార్" అంది. అందరం అటు తిరిగాం. "డబ్బులు ఎక్కడున్నాయని తర్వాత రోజు అడుగుతారు. ఆ నిమిషంలో అడిగేది ఒకటే, మళ్లీ బుక్ చేసుకోవాలా వద్దా అని. పండగప్పుడు చివరి రెండు సీట్లు ఉంటాయి. ఆగమంటే అవీ పోతాయి, చేసుకోమంటే రెండు టికెట్లవుతాయి. మా పిల్లలు ఏం చెప్పాలో తెలీక హోల్డ్‌లో పెడతారు."

ఇన్‌స్టంట్ రీఫండ్ కోరిక అక్కడితో నీరుగారింది. ప్యాసింజర్‌కి ముందు కావాల్సింది డబ్బు తిరిగి రావడం కాదు, ఇంకో పది నిమిషాల్లో తేలుతుందా తేలదా అన్న కబురు. ఆ కబురు చెప్పడానికి మూడు నెలలు అక్కర్లేదు. ఇలాంటి మాట పీఎం నోటి మీదుగా డెవలపర్లకి చేరితే సగం చచ్చిపోతుంది. రోజూ ఫోన్ ఎత్తే మనిషి నోటి నుంచి నేరుగా విన్నారు కాబట్టి బుకింగ్ సర్వీస్ రాసినతను అప్పటికప్పుడే లేచి, పెండింగ్ డబ్బా లోపల ఇంకో రెండు డబ్బాలు గీశాడు: గడువులోపు పెండింగ్, గడువు దాటిన పెండింగ్.

అక్కడి నుంచి నిర్ణయాలు ఒక్కొక్కటే తేల్చుకున్నాం. అన్నీ ఒక్క రోజులో అవ్వలేదు, అన్నీ సాఫీగానూ అవ్వలేదు.

గడువు దాటాక సక్సెస్ వస్తే ఏం చేయాలి? అదే సీటు ఇంకా ఖాళీగా ఉంటే కన్ఫర్మ్ చేయాలన్నారు కొందరు. అయితే అతను ఈలోగా వేరే బస్సు ఎక్కేసి ఉంటే? అదే ఫోన్ నంబర్‌తో, అదే రూట్‌లో, అదే తేదీకి ఇంకో బుకింగ్ ఉందేమో ముందు చూసి, ఉంటే నేరుగా రీఫండ్, లేకపోతేనే కన్ఫర్మ్ అని తేల్చాం. సీటు పోయి ఉంటే అదే బస్సులో దగ్గర్లో ఉన్న ఇంకో సీటు తనంతట ఇచ్చేద్దామని ఒక కుర్ర డెవలపర్ ప్రతిపాదించాడు. కోడ్ పరంగా చక్కటి ఆలోచన, రాత్రికి రాత్రి రాసేస్తానన్నాడు కూడా. కస్టమర్ కేర్ లీడ్ ఒప్పుకోలేదు. స్లీపర్ బస్సులో లోయర్ బెర్త్ తీసుకున్న మోకాళ్ల నొప్పుల పెద్దాయనకి అప్పర్ ఇస్తే ఆయన రాత్రి పదకొండింటికి డ్రైవర్‌తో గొడవ పెట్టుకుంటాడు. ఆడవాళ్ల పక్క సీటు ఆడవాళ్లకే అన్న పద్ధతి ఉన్న బస్సుల్లో మగ ప్యాసింజర్ని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెడితే ఇంకా పెద్ద గొడవ. ప్రతిపాదన పక్కకి పోయింది. ఆ కుర్రాడు చిన్నబుచ్చుకోలేదు. తన ఆలోచన ఎందుకు వద్దన్నారో ఎదురుగా విన్నాడు, జిరాలో రిజెక్టెడ్ అన్న ఒక్క ముక్క చూసుకోలేదు.

మిగతా పెద్ద చిక్కు బ్లాక్ గడువు. అది పెంచితే సగం సమస్య పోతుంది, కానీ ట్రావెల్స్ సిస్టమ్ ఏపీఐలో, అంటే మా సర్వర్ వాళ్ల సర్వర్‌ని అడగ్గలిగే వాటిలో, పొడిగింపు లేదని డెవలపర్లు ఎప్పుడో తేల్చేశారు. డాక్యుమెంట్ ప్రకారం అది నిజమే. ఇలాంటి చోట పీఎం వాళ్ల మాట నమ్మి ఆగిపోకూడదు, నమ్మకుండా వాళ్లతో వాదించకూడదు కూడా. లేచి బయటికి వెళ్లాలి. లక్డీకాపూల్ చుట్టుపక్కల ఉన్న ట్రావెల్స్ ఆఫీసుల్లో కూర్చుని యజమానులతో మాట్లాడాను. సీటు ఖాళీగా పట్టుకుంటే నష్టం అన్నది వాళ్ల మొదటి మాట. పండక్కి సీటు విడిచిన నిమిషంలో అమ్ముడుపోతుంది, మామూలు రోజుల్లో బస్సు ఎలాగూ నిండదు, మరి ఇంకో ఐదు నిమిషాలు పట్టుకుంటే పోయేది ఎంత అని అడిగితే ఆలోచనలో పడ్డారు. పేమెంట్ పెండింగ్‌లో ఉన్నవాటికి మాత్రమే, ఒక్కసారి మాత్రమే, ఐదు నిమిషాలు అని ఒప్పందం కుదిరింది. వాళ్లలో ఎక్కువమందికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంస్థ ఒకటే కాబట్టి పొడిగింపు ఏపీఐ అక్కడి నుంచి వచ్చింది. ఒక పెద్ద ట్రావెల్స్ మాత్రం సొంత సిస్టమ్ వాడుతోంది, అందులో ఇది పెట్టడం కుదరదని చెప్పేసింది. వాళ్ల బస్సులకి పాత పది నిమిషాలే ఉంచాం, స్క్రీన్ మీద గడియారం కూడా అంతే చూపించాం.

ఈ కబురుతో తిరిగొచ్చిన రోజు టీంలో నాకు దొరికిన గౌరవం అంతకుముందు రాసిన ఏ డాక్యుమెంట్‌కీ దొరకలేదు. తాము చేయలేని పని ఒకటి పీఎం చేసుకొచ్చాడని వాళ్లు చూడాలి. వ్యాపారం వైపు తలుపు తెరవగలిగేది ఆ టీం మొత్తంలో పీఎం ఒక్కడే.

చిన్న చేంజే కదా

పాత అలవాట్లలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఇదని నా లెక్క. మార్కెటింగ్, ఆపరేషన్స్, సేల్స్ ఎవరైనా సరే తమకి తెలిసిన డెవలపర్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టేవాళ్లు, బ్రో చిన్న చేంజే కదా అని. బ్రో మొహమాటానికి చేసేవాడు. ఆ చేంజ్ ఎక్కడా రాసి ఉండదు, పరీక్షించే క్యూఏ టీంకి తెలియదు, రెండు వారాల తర్వాత ఏదైనా పగిలితే బ్రో ఒక్కడే దొరుకుతాడు. పీఎంలు కూడా ఇందుకు అతీతులు కారు.

నేను పెట్టిన ఏర్పాటు సాదాసీదాగానే ఉంటుంది. ఎవరి కోరికైనా ఒకే చానెల్‌లో రావాలి. ప్రొడక్షన్ (ప్యాసింజర్లు వాడుతున్న అసలు సిస్టమ్) కాలిపోతుంటే ఆ పూట ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్న మనిషికి ఫోన్. దానికి తోడు ఒక షీట్: ప్రశ్న, ఎవరు అడిగారు, నిర్ణయం, ఎవరిది, ఏ తేదీ. డెవలపర్ అడిగిన ప్రశ్నకి నేను ఆ సాయంత్రంలోగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే తనకి సబబు అనిపించింది తీసుకుని, ఏం తీసుకున్నాడో షీట్‌లో రాసి పని కొనసాగిస్తాడు. తర్వాత నేను మార్చొచ్చు, కానీ ఆ మార్పు ఖర్చు నా ఖాతాలో పడుతుంది, అతని ఎస్టిమేట్‌లో కాదు. కోడ్ కామెంట్‌లో ఆ షీట్ వరస నంబర్ రాయడం డెవలపర్లు వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాత చేరినవాడు ఈ షరతు ఇలా ఎందుకుందని అడిగితే ఎవరినీ లేపక్కర్లేదు.

కోపం తెప్పించే ఏర్పాటే ఇది. సేల్స్ వాళ్లు కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎస్టిమేట్, మాక్ గేట్‌వే

సంక్రాంతి తేదీ ఎవరి కోసమూ జరగదు. భోగికి ముందు రద్దీ మొదలయ్యేలోగా ప్రొడక్షన్‌లో ఉండాలి, దానికి ముందు కొన్నాళ్లు కొత్త కోడ్ ఏదీ వెళ్లకూడదు. తేదీ కదలనప్పుడు కదిలేది పని పరిమాణం మాత్రమే అని మేనేజ్‌మెంట్‌కి ఒప్పించడం పీఎం పని. ఆ బరువు టెక్ లీడ్ మీద పడేస్తే ఆయన ఎస్టిమేట్‌ని ముందే ఉబ్బించి ఇవ్వడం నేర్చుకుంటారు, తప్పు పట్టలేం.

ఒక పనికి మూడు రోజులు అన్నారనుకోండి. ఏ మూడు రోజులు? కోడ్ రాయడానికా, రివ్యూతో కలిపా, క్యూఏతో కలిపా? మా టీంలో మూడు అంటే రాయడానికి అని, ప్రొడక్ట్ వైపు మాత్రం మూడో రోజు సాయంత్రానికి ప్యాసింజర్ ఫోన్‌లో ఉంటుందని అర్థం చేసుకునేవాళ్లు. ఎస్టిమేట్లు తప్పుతున్నాయన్న గొడవలో సగం దీనిదే. ఎస్టిమేట్ పక్కన అందులో ఏం లేదో కూడా రాయమన్నాం, ఆ సగం తగ్గింది.

మిగతా సగం అసలైనది. పెండింగ్‌ని పరీక్షించడం ఎలా? మా గేట్‌వే టెస్ట్ మోడ్‌లో కడితే వెంటనే సక్సెసో ఫెయిలో వచ్చేస్తుంది. పన్నెండో నిమిషంలో వచ్చే సక్సెస్ అక్కడ పుట్టదు. పైగా గేట్‌వే పంపే వెబ్‌హుక్, అంటే సర్వర్ నుంచి సర్వర్‌కి వచ్చే కబురు, ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది, ఒక్కోసారి వరస తప్పి వస్తుంది. ఇవన్నీ సృష్టించాలంటే ఒక దొంగ గేట్‌వే కావాలి. వాలెట్ భాగం రాసిన అమ్మాయి అడిగింది అదే: కబుర్లని కావాలని ఆలస్యం చేసే, రెండుసార్లు పంపే మాక్ సర్వర్ ఒకటి కట్టుకుంటాను, దానికి స్ప్రింట్‌లో, అంటే ఈ విడత పనుల్లో, చోటివ్వండి అని. అంతకుముందు కూడా అడిగిందట. ప్యాసింజర్‌కి కనిపించని పనికి టైమ్ లేదన్నారట.

నేను దాన్ని ప్లాన్‌లో మొదటి వరసలో పెట్టాను, నా పేరు మీదే. మేనేజ్‌మెంట్ రివ్యూలో మొదటి రెండు వారాలు చూపించడానికి స్క్రీన్ ఏదీ లేదు. ఆ మాక్ సర్వర్‌నే చూపించాం. సక్సెస్ కబురుని పదమూడు నిమిషాలు ఆపి, అప్పటికి ఉన్న పాత కోడ్ మీద వదిలాం. గదిలో కూర్చున్న ఒక డైరెక్టర్ ఫోన్‌లోనే ఆ ఆర్డర్ ఉంది. ఫెయిల్డ్ అని కనిపిస్తోంది, ఉత్తుత్తి ఖాతాలో మాత్రం డబ్బు తగ్గింది. ఆ తర్వాత దాని మీద ఎవరూ ప్రశ్న వేయలేదు.

రీఫండ్ రెండుసార్లు వెళ్లకుండా పెట్టిన జాగ్రత్త కూడా ఆ మాక్ సర్వర్ దగ్గరే గట్టిపడింది. ఒక్కో రీఫండ్‌కి మార్పులేని ఒక గుర్తు, ఐడెంపొటెన్సీ కీ అంటారు, జత చేసి పంపుతాం. అదే కీతో రెండో విన్నపం వెళ్తే అవతలి సిస్టమ్ కొత్తగా డబ్బు పంపకుండా మొదటి జవాబే తిరిగి ఇస్తుంది. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుట్టించే కోడ్ ఒక చోట ఉండిపోయింది. అలా అయితే కీ ఉండీ లేనట్టే. మాక్ సర్వర్ ఒకే కబురు రెండుసార్లు పంపిన రోజున అది బయటపడింది.

ఎస్సెమ్మెస్ దగ్గర ఆగిన రెండు వారాలు

పెండింగ్ స్క్రీన్ మీద రాయాల్సిన మాటలు నేను, డిజైనర్, కస్టమర్ కేర్ లీడ్ కలిసి రాశాం. మీ బ్యాంకు నుంచి కన్ఫర్మేషన్ ఇంకా రాలేదు. మీ సీటు 8:42 వరకు మీదే. అప్పటిదాకా మళ్లీ కట్టకండి. ఆ టైమ్ దాటితే సీటు విడిచేస్తాం, తర్వాత డబ్బు మాకు చేరి, సీటు ఇవ్వలేకపోతే వెనక్కి పంపేస్తాం. తేలడానికి టైమ్ పడుతుంది అన్న గాలి మాట కాకుండా 8:42 అని గడియారం టైమ్ చెప్పాలన్నది కస్టమర్ కేర్ పట్టు, అదే అన్నిటికంటే బాగా పనిచేసింది.

ఇదే సంగతి ఎస్సెమ్మెస్‌గానూ పంపాలి, తెలుగులో కూడా పంపాలి అన్నాను. బ్యాక్‌ఎండ్ కుర్రాడు, "అన్నా, టెంప్లేట్ పెట్టారా?" అన్నాడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల కింద కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్ మాటలు ముందే టెలికాం ఆపరేటర్ల డీఎల్టీ అనే రిజిస్ట్రీలో టెంప్లేట్‌గా రిజిస్టర్ అయి ఉండాలి. టైమ్, పీఎన్ఆర్ లాంటి మారే చోట్లు తప్ప మిగతా వాక్యం అక్షరం మారినా టెలికాం ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. అప్రూవల్ రావాలి, వెనక్కి కొడితే మళ్లీ పెట్టాలి. దానికి తోడు లెక్క ఇంకోటి. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 క్యారెక్టర్లు, తెలుగు యూనికోడ్ కాబట్టి 70. గుణింతం, వత్తు దేనికదే లెక్క. ప్రయాణికులు అన్న మాట కంటికి ఐదక్షరాలు, ఎస్సెమ్మెస్ లెక్కలో పదకొండు. నేను రాసిన తెలుగు కబురు మూడు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు తేలింది.

ఆ కుర్రాడి సాయంతో కోసి కోసి ఒక దాంట్లో ఇమిడ్చాం. సీటు 8:42 వరకు మీదే, మళ్లీ కట్టకండి అన్న రెండు ముక్కలూ, కింద యాప్ లింకూ మిగిలాయి. ముందు నేను రాసిన నాలుగు వాక్యాల కంటే అదే మెరుగ్గా ఉందని ఒప్పుకోవాలి. కాపీ రాసేటప్పుడు డెవలపర్‌ని చివర్లో కాదు, మొదట్లో పిలవాలన్నది ఆ తర్వాత మాకు రివాజైపోయింది.

విడుదల, తర్వాత

ఫీచర్ ఫ్లాగ్, అంటే కొత్త ఏర్పాటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్, పెట్టి మొదట కర్నూలు రూట్‌లో తెరిచాం. బస్సులు తక్కువ, ప్యాసింజర్లు ప్రయాణం మానుకునే దూరం కాదు, ఏదైనా పగిలితే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. అక్కడ కొన్నాళ్లు నిలబడ్డాక విజయవాడ, ఆ తర్వాత విశాఖ. ఫ్లాగ్ ఆపేసే హక్కు ఆన్‌కాల్ ఇంజనీర్‌కి ఇచ్చాం, నన్ను అడగక్కర్లేకుండా. ఒక రాత్రి అతను ఆపాడు కూడా. పొడిగింపు ఏపీఐ జవాబివ్వడం మానేసింది, గడియారం మాత్రం 8:47 అని అబద్ధం చెబుతోంది. తెల్లవారి సరిచేసి మళ్లీ తెరిచాం. ఎందుకు ఆపావని ఎవరూ అడగలేదు, అడగనివ్వలేదు కూడా.

సంక్రాంతి రద్దీలో నేను కస్టమర్ కేర్ ఫ్లోర్‌లో కూర్చున్నాను, బుకింగ్ సర్వీస్ రాసినతను నా పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని. డబ్బులు పోయాయి అన్న కాల్స్ ఆగలేదు, కానీ పలచబడ్డాయి. వాటి చోట ఇంకో రకం మొదలైంది: ఇంకా మూడు నిమిషాలుందని చూపిస్తోంది, ఆగమంటారా? దానికి ఏజెంట్ దగ్గర జవాబుంది. పెండింగ్ ఆర్డర్ తెరిస్తే డబ్బు బ్యాంకు దగ్గర ఆగిందా, మా దగ్గరికి వచ్చిందా అన్నది, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబర్‌తో సహా వాళ్ల స్క్రీన్ మీదే కనిపిస్తోంది. ఆ స్క్రీన్ మా ప్లాన్‌లో లేదు. హెడ్‌సెట్ పెట్టుకున్నతను పండక్కి కొన్ని వారాల ముందు ఒకసారి అదే ఫ్లోర్‌లో కూర్చుని, ఏజెంట్లు మూడు ట్యాబ్‌ల మధ్య తిరగడం చూసి, తనే ప్రతిపాదించి కట్టాడు.

సొంత సిస్టమ్ వాడే ఆ ఒక్క ట్రావెల్స్ మీద మాత్రం కాల్స్ పాత పద్ధతిలోనే వచ్చాయి. పది నిమిషాల గడువు, నెమ్మదించిన బ్యాంకులు, పోయిన సీట్లు. ఆ లెక్క విడిగా తీసి వాళ్ల యజమానికి చూపించాను. వచ్చే పండగలోపు చూస్తామన్నారు. నెట్ బ్యాంకింగ్ భాగం ఇంకా ముట్టుకోలేదు.

ఇప్పుడు బోర్డు మీదున్నది వేరే సమస్య: బయల్దేరడానికి కొన్ని గంటల ముందు ట్రావెల్స్ వాళ్లే సర్వీస్ రద్దు చేసినప్పుడు ఏం జరగాలి. ఈసారి డబ్బాలు గీసింది వాలెట్ అమ్మాయి, నాలుగు ప్రశ్నలు అడిగింది కుర్ర డెవలపర్, నేను రాకముందే. రెండో బస్సుకి ఎక్కువ చార్జీ పడితే ఆ తేడా ఎవరు పెట్టుకోవాలన్న ఒక్క డబ్బా చుట్టూ ఎర్ర గుండ్రం ఉంది. షీట్‌లో ఆ వరసకి ఎదురుగా నా పేరు రాసి, సాయంత్రంలోగా అని పెట్టారు.